ఎడమచేతి చూపుడువేలు

పిల్లల వార్డులో ఆమెను అందరూ దోమక్క అనేవారు. ఎప్పుడో ఒక ఆరేళ్ళ పిల్ల పెట్టిన పేరది. "దోమ కుట్టినట్టుంది, అంతే," అని ఆ పిల్ల ఏడుపు ఆపి మరీ చెప్పిందట. ఆ రోజు నుంచి పెద్ద డాక్టరు దగ్గర్నుంచి గదులు ఊడ్చేవాళ్ళ దాకా అందరిదీ అదే పిలుపు. పరీక్షలకు రక్తం తీయడం ఆమె పని. నెలల పిల్లల చేతుల్లో నరాలు దారప్పోగుల్లా ఉంటాయి, కంటికి ఆనవు. ఇద్దరు ముగ్గురు గుచ్చి చూసి, పిల్లాడు గుక్కపట్టి ఏడుస్తుంటే, తల్లి వాడికంటే ఎక్కువ ఏడుస్తుంటే, "ఇక దోమక్కను పిలవండి" అనేవారు. ఆమె వచ్చి కళ్ళు మూసుకుని వేలితో ఒకసారి తడిమి చూసేది. ఒక్క పోటుతో పని అయిపోయేది.

ముప్పై ఏళ్ళుగా ఆమె పెద్దవాళ్ళకు చెప్పే మాటలు రెండే. పిడికిలి బిగించండి, ఇక వదలండి. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు కదా, ఆ లోకువ ఎలా ఉంటుందో ఆమెకు యాభై రెండో ఏట తెలిసివచ్చింది. ఒక ఉదయం మూడో అంతస్తు మెట్లెక్కుతుంటే ఛాతీలో ఎవరో బరువు పెట్టినట్టయింది. పని చేసేది ఆసుపత్రిలోనే కాబట్టి గంటలో బల్ల మీద ఉంది. గుండె రక్తనాళంలో అడ్డు ఉందని, మణికట్టు దగ్గర నుంచి సన్నటి గొట్టం పంపి స్టెంట్ వేయాలని గుండె డాక్టరు చెప్పాడు. ఆయన ఆమె కుడిచెయ్యి అందుకోబోతుంటే దోమక్క ఆ చేతిని గభాలున వెనక్కి లాక్కుంది.

"కుడిచెయ్యి వద్దు డాక్టరుగారూ. సూది పట్టుకునే చెయ్యి, నాకు తిండి పెట్టే చెయ్యి అది. ఎడమది తీసుకోండి," అంది.

ఆయన నవ్వి, సరేనన్నాడు. గొట్టం ఎడమ మణికట్టు నుంచే వెళ్ళింది, స్టెంట్ సవ్యంగా కూర్చుంది, గుండె కుదుటపడింది. ప్రాణం పోయేంత అవస్థలో కూడా ఎంత తెలివిగా ఆలోచించాను అని ఆ పూటంతా దోమక్క తనను తాను మెచ్చుకుంది.

మర్నాడు మంచం మీద పడుకుని ఊరికే పనిని తలచుకుంటుంటే అసలు సంగతి తెలిసి నీరుగారిపోయింది. సూది పట్టేది కుడిచెయ్యే, కాదనలేం. కానీ నరం ఎక్కడుందో కనిపెట్టేది? ఎడమచేతి చూపుడువేలు. అది చూపించిన చోటికి కుడిచెయ్యి సూది తీసుకువెళుతుంది, అంతవరకే. వంట ఒకరిది, వడ్డన ఒకరిది అయితే మెప్పు వడ్డించినవాళ్ళకే పోయినట్టు, ముప్పై ఏళ్ళుగా పేరంతా కుడిచెయ్యి కొట్టేసింది. ఆమె కూడా ఆ మాటే నమ్మింది. మనం మెట్లెక్కేటప్పుడు ముందు ఏ కాలు వేస్తామో అడిగితే మనకు మాత్రం తెలుసా?

ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేముందు వ్యాయామాలు నేర్పే అమ్మాయి ఒక కాగితం, ఒక మెత్తటి ఎర్ర బంతి తెచ్చి ఇచ్చింది. కాగితం మీద అయిదు బొమ్మలున్నాయి.

"రెండు రోజులు మణికట్టు వంచకండి ఆంటీ, బరువులెత్తకండి. ఆ తర్వాత రోజూ మూడు పూటలా, ఒక్కొక్కటి పదిసార్లు చేయండి. పిడికిలి మూయాలి, తెరవాలి. వేళ్ళు బాగా దూరంగా చాపాలి. బొటనవేలితో నాలుగు వేళ్ళనీ వరసగా తాకాలి. మణికట్టు పైకీ కిందకీ ఆడించాలి. చివర్న బంతి నొక్కాలి. నొప్పి చేస్తే ఆపండి. వాపు గానీ రక్తం గానీ కనిపిస్తే వెంటనే ఫోన్ చేయండి."

అన్నీ విని దోమక్క బుద్ధిగా తలూపింది. వాటిలో ఆమె చెవిలో మిగిలింది చివరి మాట ఒక్కటే, రక్తం.

ఇంటి ముందుగది భర్త దుకాణం. కాలిపోయిన ఫ్యాన్లకూ పంపు మోటార్లకూ కొత్త రాగితీగ చుట్టే మేస్త్రి ఆయన. ఎన్ని చుట్లు పడ్డాయో మనసులోనే లెక్క. ఇంటికి నిప్పంటుకున్నా "నాలుగువందల పన్నెండు" అని గుర్తుపెట్టుకుని మరీ లేచే రకం. వ్యాయామాల కాగితం చూడగానే ఆయనకు ప్రాణం లేచి వచ్చింది. లెక్క సంగతి నాకు వదిలెయ్ అన్నాడు. అప్పటి నుంచి రోజుకు మూడుసార్లు ముందుగదిలో తీగ చుట్టే మర ఆపకుండానే "ఒకటీ... రెండూ..." అని కేకేసేవాడు. వెనక గదిలోంచి దోమక్క ప్రతి అంకెకూ "ఊఁ" అనేది.

అనడమే తప్ప ఎడమచెయ్యి ఒళ్ళోంచి కదిలేది కాదు.

ఎందుకంటే ఆమెకు చాలా తెలుసు. ఏమీ తెలియనివాళ్ళు డాక్టరు చెప్పింది చేసి హాయిగా ఉంటారు. పదేళ్ళ కిందట పక్క వార్డులో ఒకాయన ఇలాగే మణికట్టు నుంచి గుండెకు గొట్టం వేయించుకుని, రక్తం ఆగడానికి కట్టిన పట్టీ బిగుతుగా ఉందని దాన్ని తానే ఊడదీసుకున్నాడు. ధమని అంటే మామూలు నరం కాదు, గుండె కొట్టుకున్నప్పుడల్లా చిమ్ముతుంది. నర్సులు పరుగెత్తుకొచ్చేలోపల దుప్పటి ఎర్రగా తడిసిపోయింది. ఆ మనిషికి ఏమీ కాలేదు, మూడో రోజున నవ్వుతూ ఇంటికి వెళ్ళాడు. దోమక్క ఆ నవ్వును మరిచిపోయి దుప్పటిని గుర్తుపెట్టుకుంది. పైగా ఇప్పుడు ఆమె వేసుకుంటున్నవి రక్తం గడ్డకట్టనివ్వని మాత్రలు. ఇంటికొచ్చిన మూడో రోజున గ్లాసు అందుకోబోతూ మణికట్టు కాస్త వంచితే అక్కడ వెచ్చగా ఏదో కారినట్టు అనిపించింది. చూస్తే ఏమీ లేదు. అయినా దూది నాలుగు మడతలు పెట్టి ఆ చోట ఉంచి, పైన వెడల్పాటి ఎలాస్టిక్ పట్టీ తొడిగి, దాని మీద పొడుగు చేతుల చొక్కా వేసుకుంది. ఖాళీ దొరికినప్పుడల్లా కుడి బొటనవేలితో ఆ దూదిని నొక్కుతూ కూర్చునేది. రోజూ ఉదయం దూది మార్చేది. మచ్చ కూడా ఉండేది కాదు. మచ్చ లేదంటే నొక్కడం పనిచేస్తోందన్నమాట అనుకుని ఇంకాస్త గట్టిగా నొక్కేది. అనుమానం పెనుభూతం అన్నారు. ఆ భూతానికి ఆమె రోజుకొక కొత్త దూది పెట్టి సేవ చేసింది.

ఆ ఇంట్లో మూడో మనిషి అత్తగారు. డెబ్బై తొమ్మిదేళ్ళు. ఉన్నమాట కుండ బద్దలు కొట్టినట్టు చెప్పడం తప్ప ఆవిడకు వేరే వ్యసనం లేదు. పెళ్ళిచూపుల నాడు "అమ్మాయి బాగుంది, పాదాలే కాస్త పెద్దవి" అని అందరి ముందూ అంది. పక్కింటివాళ్ళ పసిపాపను చూడడానికి వెళ్ళి "ముక్కు తాతది వచ్చింది, ఏం చేస్తాం" అని పరామర్శించి వచ్చింది. ఎదుటివాళ్ళ మనసు నొచ్చుకుంటుందని ఒక అబద్ధం, పోనీ అబద్ధంలాంటి ఒక మౌనం, ఆవిడ నోట ఎవరూ ఎరగరు. కాలిలో రక్తం గడ్డకట్టిన నాటి నుంచి ఆవిడకు నెలనెలా పరీక్ష. ఆవిడ నరాలు లోతుగా ఉంటాయి, వేలు తగలగానే పక్కకు జారతాయి. దోమక్క తప్ప ఎవరి వల్లా కాదు. కోడలు మంచం మీద ఉన్న నెలలో ఇంకెవరో నాలుగు పోట్లు పొడిచాడు. "నాయనా, నువ్వు నేర్చుకున్నది రక్తం తీయడమా, గోనెసంచులు కుట్టడమా?" అని అడిగి వచ్చింది.

అయిదు వారాలు దాటేసరికి దోమక్క ఎడమచేతి వేళ్ళు మొద్దుబారాయి. గుండీ పెట్టుకుంటుంటే జారిపోయేది. మణికట్టు చెక్కలా బిగుసుకుంది. గోరుచుట్టు మీద రోకటి పోటులా ఆ రోజే ప్రయోగశాల ఇన్‌చార్జ్ ఫోన్ చేసింది. దోమక్క కంటే పదేళ్ళు చిన్నది, మంచి మనిషి.

"వచ్చే నెల చివర్లో రాగలరా అక్కా? పిల్లల వార్డులో మీరు లేక చాలా ఇబ్బందిగా ఉంది. చెయ్యి ఇంకా బాగా లేకపోతే చెప్పండి, మొహమాటపడకండి. కౌంటర్లో కూర్చుని సీసాలకు చీటీలు అంటించే పని ఇప్పిస్తాను," అంది.

దయగానే అంది. కానీ ఆ చీటీల మాట దోమక్క గుండెలో స్టెంట్ కంటే లోతుగా దిగింది. మధ్యాహ్నం అత్తగారు కుర్చీలో వెనక్కి వాలి కునుకు తీస్తుంటే, దోమక్క మెల్లగా ఆవిడ చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుని మోచేతి మడతలో ఎడమ చూపుడువేలు ఆనించి కళ్ళు మూసుకుంది. ఆ మడతలో నరం ఎక్కడుందో ఆమెకు తన ఇంటి గడపంత బాగా తెలుసు. వేలికి మాత్రం ఏమీ తెలియలేదు. మందపాటి దుప్పటి మీదుగా తాకినట్టుంది. రెండుసార్లు, మూడుసార్లు చూసింది. తర్వాత చెయ్యి కింద పెట్టి స్నానాలగదిలోకి వెళ్ళి, కొళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది. ఇక ఏ పిల్లా తనను దోమ అని పిలవదనుకుంది.

మర్నాడు భర్త ముందుగదిలో "ఆరూ... ఏడూ..." అంటుండగా అత్తగారు వచ్చి మంచం అంచున కూర్చుంది.

"నిన్న నా చెయ్యి పట్టుకుని ఏం వెతికావే?" అంది.

"మీరు నిద్రపోలేదా అత్తయ్యా?"

"కళ్ళు మూసుకున్నాను. ఏం వెతికావు?"

ముందుగదిలోంచి "ఎనిమిదీ" వినిపించింది. దోమక్క అలవాటుగా "ఊఁ" అంది. అత్తగారు ఆమె ఒళ్ళోకి చూసింది. చెయ్యి కదలడం లేదు. కుడి బొటనవేలు ఎడమ మణికట్టును నొక్కి ఉంది. ముసలావిడ ఏమీ అడక్కుండా కోడలి చొక్కా చేతిని పైకి తోసి పట్టీ చూసింది, పట్టీ కింద దూది చూసింది.

"మాకు సూది గుచ్చాక ఎంతసేపు నొక్కి పట్టుకోమంటావు నువ్వు?"

"అయిదు నిమిషాలు."

"నీకు నెల దాటింది."

"ఇది వేరు అత్తయ్యా. ఇది ధమని. మీకు తెలియదు."

"నాకు తెలియదు, నిజమే. తెలిసినదానివి నువ్వే తీసి చూడు."

దోమక్క బొటనవేలు తీసింది. పట్టీ లాగింది. దూది తీసింది. అక్కడ ఒక లేత గులాబి చుక్క ఉంది, ఆవగింజ కంటే చిన్నది. దాని చుట్టూ, రోజుల తరబడి నొక్కిన చోట, చర్మం పాలిపోయి గుంటపడి ఉంది. గాయం కంటే గుంటే పెద్దది.

"పదీ," అన్నాడు భర్త. ఊఁ రాకపోయేసరికి చేతిలో తీగతోనే లోపలికి వచ్చాడు. తల్లి సంగతంతా మూడు ముక్కల్లో చెప్పేసింది. ఆయన మనసులో లెక్క కట్టుకున్నాడు.

"మూడు పూటలా, అయిదు రకాలు, పదేసి. ముప్పై ఆరు రోజులు. అయిదు వేల నాలుగువందలు లెక్కపెట్టాను," అన్నాడు.

"ఊఁ అన్నానంతే అండీ," అంది దోమక్క. "చెయ్యి వంచితే పగిలిపోతుందేమోనని భయం. చెప్పడానికి సిగ్గు."

"ఒక్క చుట్టూ పడకుండా మోటారు మూత బిగించినట్టయింది," అన్నాడాయన. కోపంగా అనలేదు. తీగ బల్ల మీద పెట్టి ఆమె పక్కన కూర్చున్నాడు. ఆ పూట మళ్ళీ దుకాణంలోకి వెళ్ళలేదు.

ఆసుపత్రిలో డాక్టరు నాడి పట్టి చూసి, రక్తం బాగానే ఆడుతోందన్నాడు. వ్యాయామాల అమ్మాయి వేళ్ళు ఒక్కొక్కటీ వంచి చూసింది. "గాయం ఎప్పుడో మానింది ఆంటీ. ఆ తర్వాత మీరు నొక్కింది వేళ్ళకు స్పర్శ తెలిపే నరాన్ని. కదపకపోవడం వల్ల కీలు బిగిసింది. వస్తుంది. పూర్తిగా వస్తుందా అంటే ఇప్పుడే చెప్పలేను," అంది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు దోమక్క ఆ అయిదు బొమ్మల కాగితం అడిగి ఇంకొకటి తీసుకుంది.

ఇక ఊఁలు చెల్లలేదు. భర్త మర ఆపి లోపలికొచ్చి, చెయ్యి చూస్తూ లెక్కపెట్టేవాడు. సగం మూసిన పిడికిలిని "ఇది చెల్లదు" అని కొట్టేసేవాడు. మొదటి వారం బొటనవేలు చిటికెనవేలి దాకా పోలేదు, ఉంగరం వేలి దగ్గరే అలిసిపోయేది. మణికట్టు వంచిన ప్రతిసారీ దోమక్క ఊపిరి బిగబట్టి ఆ గులాబి చుక్క వైపు చూసేది. ఎదురుగా కుర్చీలో అత్తగారు కాపలా.

"దాన్ని చూడకు. నన్ను చూడు. కారితే నేనే చెప్తాను. నేను దాచే మనిషిని కాదని నీకు తెలుసుగా," అనేది.

ఆ మాట మందులా పనిచేసింది. ఇంకెవరు ధైర్యం చెప్పినా దోమక్క నమ్మేది కాదు. ఆవిడ ఏమీ కారడం లేదంటే కారడం లేదన్నమాటే. రెండో వారానికి చూపు చుక్క మీద నుంచి అత్తగారి ముఖం మీదకు, అక్కడి నుంచి కిటికీలోకి వెళ్ళింది. బొటనవేలు చిటికెనవేలిని ముట్టుకుంది. బంతి సగం దాకా నలిగింది. మూడో వారం భర్త దుకాణంలోంచి రాగితీగ ముక్కలు తెచ్చి బల్ల మీద వేసి పైన బట్ట కప్పాడు. తీగ ఏ వైపు నుంచి ఏ వైపుకు పోతోందో వేలితో తడిమి చెప్పాలి. మోటారు తీగతో మొదలుపెట్టి నానాటికీ సన్నటివి పెట్టాడు. నాలుగో వారం ముగిసేనాటికి ఫ్యాను తీగ పదింటికి ఎనిమిదిసార్లు అందుతోంది. వెంట్రుకలాంటిది మాత్రం ఎప్పుడో గానీ అందలేదు.

వెళ్ళవలసిన రోజు రానే వచ్చింది. అత్తగారికి కూడా పరీక్ష గడువు కావడంతో ఇద్దరూ కలిసే వెళ్ళారు. ఇన్‌చార్జ్ దోమక్క చెయ్యి పట్టుకుని కుశలం అడిగి, నసుగుతూ అసలు మాట చెప్పింది.

"ముందే పిల్లల మీద చూడలేం కదక్కా. పెద్దవాళ్ళలో నరం దొరకనివాళ్ళు ఎవరైనా వస్తే, ఒకసారి నా ముందు తీయండి. ఒక్క పోటులో వచ్చిందా, రేపటి నుంచి మీ వార్డు మీదే."

"నరం దొరకనిదాన్ని నేనే," అని అత్తగారు కుర్చీలో కూర్చుని చెయ్యి బల్ల మీద చాపింది.

దోమక్క చేతులు కడుక్కుని వచ్చింది. అత్తగారి మోచేతి పైన పట్టీ కట్టింది. ఎడమ చూపుడువేలు మడతలో ఆనించి కళ్ళు మూసుకుంది. ఏదో తగిలింది. అదేనా? అదే అయ్యుంటుంది. కుడిచేతిలో సూది కొంచెం కూడా వణకలేదు. గుచ్చింది. గొట్టంలోకి ఏమీ రాలేదు. కాస్త పక్కకు తిప్పి చూసింది. అయినా రాలేదు. సూది బయటికి తీసి దూది అద్దింది. అప్పటిదాకా అల్మరా వైపు తిరిగి చీటీలు తీస్తున్న ఇన్‌చార్జ్ ఇటు తిరిగింది.

"అయిందా?" అంది.

అత్తగారు సూది దిగిన చేతిని మెల్లగా ఒళ్ళోకి తీసుకుని, దూది మీద రెండో అరచెయ్యి కప్పింది.

"ఇంకా మొదలుపెట్టనే లేదమ్మా. ఇప్పుడే చేతులు కడుక్కుని వచ్చింది," అంది.

ఇరవై ఎనిమిదేళ్ళ కాపురంలో ఆ నోట అలాంటి మాట దోమక్క వినలేదు. అవునంటే చాలు. రెండో చేతికి పట్టీ కట్టి, ఇదే మొదటిది అన్నట్టు గుచ్చితే చాలు. రేపటి నుంచి తన వార్డు, తన పిల్లలు. నాలుక చివరి దాకా వచ్చింది. కానీ రేపు ఆ బల్ల మీద ఉండేది నెలల పసివాడి చెయ్యి. ఈ వేలికి ఇంకా సగమే తెలుసు. నెలకు పైగా ఊఁ అంటూ మోసపుచ్చి ఏం సాధించిందో ఆమెకు తెలుసు.

"గుచ్చాను మేడమ్," అంది. "నరం అందలేదు."

ఇన్‌చార్జ్ అత్తగారి వైపు, ఆవిడ కప్పుకున్న చేతి వైపు చూసింది. "రెండో చెయ్యి చూడండి అక్కా," అంది.

ఈసారి దోమక్క తొందరపడలేదు. వేలు ఆనించి, తీసి, మళ్ళీ ఆనించింది. చాలాసేపటికి వేలి కింద ఒకటి మెత్తగా లేచి, నొక్కితే తిరిగి నొక్కింది. మునుపటంత స్పష్టంగా కాదు. అయినా అదే. సూది వెళ్ళింది. నల్లటి ఎరుపు రంగు గొట్టంలోకి ఎక్కింది.

"ఈ నెల పెద్దవాళ్ళ దగ్గర ఉండండి. పిల్లల వార్డు సంగతి వచ్చే నెల మళ్ళీ చూద్దాం," అంది ఇన్‌చార్జ్. దోమక్క సరేనంది. కష్టంగానే ఉంది, కానీ చీటీలు అంటించే పని మాత్రం కాదు.

బస్టాపులో అత్తగారు ముఖం గంటు పెట్టుకుని నిలబడింది.

"ఎందుకలా చెప్పారు అత్తయ్యా?"

"పుట్టి బుద్ధెరిగాక ఒక్క అబద్ధం ఆడాను. దాన్ని కూడా నిలబెట్టనివ్వలేదు నువ్వు."

"మొదటి పోటు బాగా నొప్పి పెట్టిందా?"

"గుచ్చినట్టే తెలియలేదు," అంది ముసలావిడ, రోడ్డు వైపు చూస్తూ.

దోమక్క ఆవిడ మోచేతి మడత చూసింది. రూపాయి బిళ్ళంత మేర నల్లగా కమిలి ఉంది. ఒకే రోజు రెండు అబద్ధాలు, అదీ పదకొండు గంటలైనా కాకముందే. ఇక ఆగలేక బస్టాపులో నలుగురూ చూస్తుండగానే ఏడ్చేసింది.

"ఊరుకో, బస్సొచ్చింది. మెట్టు ఎత్తుగా ఉంటుంది, పట్టుకుని ఎక్కించు," అంటూ అత్తగారు చెయ్యి చాచింది. కమిలిన చేతినే చాచింది.